సున్నా మార్కులు

"ఇక్కడొక సంతకం పెట్టండి మాస్టారూ," అంటూ కల్నల్ కాగితాన్ని బల్ల మీద ముందుకు తోశాడు.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చదివారు. నిన్నటి పరుగులో కుప్పకూలి చనిపోయిన క్యాడెట్‌కు దారిలో శిక్షకులు రెండుసార్లు మంచినీళ్లు ఇచ్చారట. తోటి క్యాడెట్లు కళ్లారా చూశారట. నిజమేనని క్లాసు మాస్టారిగా ఆయన కింద సంతకం పెట్టాలి.

"నిజంగా ఇచ్చారా సార్?"

కల్నల్ కిటికీ వైపు చూశాడు. బయట వరండాలో ఆ కుర్రాడి తల్లి కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆఫీసు గుమాస్తా ఆమె పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టి వెళ్లాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఎల్లుండికి వీళ్లంతా ఆఫీసర్లు. ఇప్పుడు రచ్చెందుకు?"

"నా పిల్లలు దీని మీద సంతకం పెట్టరు సార్. పైఅధికారి అబద్ధపు కాగితం ముందు పెడితే ఏం చేస్తారని మొన్న నీతి పరీక్షలో అడిగాను. ప్రాణం పోయినా పెట్టబోమని రాశారు. ఫస్టొచ్చినవాడైతే ఎనిమిది పేజీలు నింపాడు."

"అందరూనా?"

"ఒక్కడు తప్ప. 'ఏమో సార్, భయమేసి పెట్టేస్తానేమో' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. సున్నా చుట్టాను. అలాంటి పిరికివాడి చేతిలో ముప్పైమంది జవాన్ల ప్రాణాలు పెడతామా?"

కల్నల్ కాగితం తిరగేశాడు. వెనకంతా సంతకాలు.

మొట్టమొదటిది ఎనిమిది పేజీలవాడిది. కింద గీత కూడా గీశాడు. మాస్టారు వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు. ముప్పై తొమ్మిది. మళ్లీ మొదటినుంచి చూశారు.

"పోయినవాడు కాక నలభై ఉండాలి." ఆయన గొంతులోకి కాస్త ప్రాణం వచ్చింది. "ఒకడు పెట్టలేదు. చాలు సార్. రేపు విచారణలో ఆ తల్లి ముందు వాడొక్కడు నిజం చెప్తే చాలు. ఎవడు వాడు?"

"గంటసేపు నిలబెట్టాను. చేతులు వణికిపోయాయి గానీ పెన్ను ముట్టుకోలేదు. పొద్దున్నే పెట్టె సర్దించి ఇంటికి పంపేశాం."

"ఏం తప్పు చేశాడని?"

కల్నల్ పెన్ను మూత తీసి మాస్టారి చేతికిచ్చాడు.

"నీతిలో మీరు సున్నా వేశారుగా మాస్టారూ. ఇంక విచారణలో వాడి మాట ఎవరు నమ్ముతారు?"