గోళ్ల రంగు గీతలు

మాలకొండయ్య సౌండు మిక్సరు ముందు కుర్చీ వేసుకుని, ఎడమ అరచేతిని పక్కనున్న స్పీకరు బాక్సుకు ఆనించాడు. బాక్సు అదిరితే పాట మొదలైనట్టు. అదరకపోతే ఇంకా లేనట్టు.

ముప్పై ఏళ్లు ఆ బాక్సుల పక్కనే నిలబడి చెవులు పాడుచేసుకున్న మనిషి. ముందు మైకు కీచుమనడం వినబడకుండా పోయింది. తర్వాత ఆడవాళ్ల గొంతులు పోయాయి. ఇప్పుడు మిగిలింది ఒక బొంగురు మోత, అదీ పక్క వీధిలో పిండిమర ఆడుతున్నట్టు. సౌండు పెట్టేవాడికి చెవుడంటే నవ్వరూ మరి? అందుకే ఎవరికీ చెప్పలేదు.

నవ్వితే నవ్వారు. పాటల బ్యాండు మానేసి ఉదయగిరిలో తన గదికి పోయి కూర్చోవాలంటేనే అతనికి భయం. ఆ గదిలో ఎవరూ లేరు. ఒక టీవీ ఉంది, అందులో మనుషులు ఊరికే నోళ్లు ఆడిస్తుంటారు. నెలకు నాలుగైదు ఫంక్షన్లు, ఈ బ్యాండు వాళ్లతో ఒకే బండిలో ప్రయాణం, ఒకే పంక్తిలో భోజనం. అతనికి మిగిలిన లోకం అంతే. అది కూడా పోతే బతకడం దండగ అనుకునేవాడు.

ఆరోజు ఆత్మకూరులో ఒక బట్టల షావుకారు షష్టిపూర్తి. కల్యాణమండపంలో పగటి కచేరీ.

మాలకొండయ్య తన ఏర్పాట్లలో తానున్నాడు. మిక్సరు మీద ఒక్కో మీట ఎంతవరకు జరపాలో గోళ్ల రంగుతో ఎర్ర గీత పెట్టుకున్నాడు. మీటను గీత దగ్గరికి చేరిస్తే చాలు, చెవులతో పనిలేదు. రంగు సీసా ఇచ్చింది పాటలు పాడే సుధారాణి. ఎందుకని కూడా అడగలేదు, పిచ్చి తల్లి. మాట్లాడేటప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి, నోరంతా తెరిచి మాట్లాడే అలవాటు ఆమెది. అందువల్ల ఆమె మాట ఒక్కటీ పోదు.

"భోంచేసినావా అన్నా?" అంది ఆమె ఇప్పుడు కూడా.

"కచేరీ అయినాక తింటాలేమ్మా. మైకు చూసుకో."

వేదిక మీది గొంతులన్నీ ఒక లావు తీగలో మిక్సరుకు వస్తాయి. ఇక్కడ సరిచేసిన మోత ఇంకో సన్న తీగలో వేదిక దగ్గరి యాంప్లిఫయరుకు పోతుంది, అక్కడి నుంచి స్పీకర్లకు. జనం వెనకున్న ఈ కొస మాలకొండయ్యది. వేదిక మీది ఆ కొస కీబోర్డు వాయించే మల్లికార్జునది.

"మెట్లెక్కి దిగే పని నీకెందుకు మామా? ముందు మోకాళ్లు చూసుకో. ఆపక్క తగిలించేదీ పీకేదీ చుట్టేదీ నేను చూసుకుంటా" అని రెండేళ్ల కిందటే మల్లికార్జున ఆ పని తన మీద వేసుకున్నాడు. మర్యాద తెలిసిన పిల్లోడని మాలకొండయ్య మురిసిపోయాడు. ఆ తర్వాత వేదిక ఎక్కిందే లేదు.

బాక్సు అదిరింది. పాట మొదలైంది.

మూడో పాటలో ముందు వరుస ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. ఎవరి ఒళ్లోనో పసిబిడ్డ గుక్కపట్టింది. మైకు కీచుమంటోంది! మాలకొండయ్య మీటల మీదికి వంగాడు. ఏ మైకు? జనమంతా వెనక్కి తిరిగి అతన్నే చూస్తున్నారు. ఇవాళ్టితో నా బండారం బయటపడింది అనుకున్నాడు.

వేదిక మీద సుధారాణి పాడుతూనే చీర సర్దుకుంటున్నట్టు రెండు వేళ్లు చూపించింది. అతను రెండో మీటను కిందికి లాగాడు. సరిగ్గా అప్పుడే మల్లికార్జున ఏదో పడిపోయినట్టు కీబోర్డు కిందికి వంగి లేచాడు. ఆడవాళ్లు చెవుల మీంచి చేతులు తీసేశారు.

మాలకొండయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. ముసలాడిననుకున్నారా, ఈ చేతిలో ఇంకా పనితనం ఉంది! ఆ గర్వం కొంచెం పైకి కూడా కనిపించింది.

కచేరీ అయ్యాక షావుకారు స్వయంగా వచ్చి భుజం తట్టాడు.

"ఏం సౌండు పెట్టినావయ్యా! నెల్లూరోళ్లు గూడా ఇట్లా పెట్టలేరు."

మాటలు సగమే అందాయి. అయినా ఆ నవ్వు చాలు. మాలకొండయ్య చేతులు జోడించాడు.

షావుకారు మనుషులు మల్లికార్జునను, సుధారాణిని రెక్కలు పట్టి భోజనాలకు లాక్కెళ్లారు. "మామా, నువ్వూ రా! వైర్లు నేనొచ్చి చుడతా!" అని మల్లికార్జున వెనక్కి తిరిగి అరిచాడు. మాలకొండయ్య అటు చూడలేదు. చూడకపోతే అతనికి వినబడదు.

అంతలో మండపం గుమాస్తా వచ్చాడు. సాయంత్రం ఇంకో పార్టీ ఉండాది, స్టేజీ బిరీన ఖాళీ చేయండి అని చేతులూపుతూ చెప్పాడు. పోనీలే, పాపం పిల్లలు తింటున్నారు, ఈ ఒక్క రోజుకు నేనే చుడదామనుకున్నాడు మాలకొండయ్య. సన్న తీగను మిక్సరు నుంచి పీకి, మోచేతికి చుట్టుకుంటూ నడిచాడు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాడు. తీగ యాంప్లిఫయరు వైపు పోలేదు, కీబోర్డు కింద వేలాడుతున్న గుడ్డ వెనక్కి పోయింది. వంగి ఆ గుడ్డ ఎత్తాడు.

అక్కడ పుస్తకమంత మిక్సరొకటి యాంప్లిఫయరుకు తగిలించి ఉంది, దాని మీటల పక్కన కూడా అవే గోళ్ల రంగు గీతలున్నాయి, అతని చేతిలోని తీగ కొస మాత్రం దేనికీ తగిలించి లేదు. దుమ్ము పడకుండా ఆ కొసకు ప్లాస్టిక్ కవరు తొడిగి వేసిన రబ్బరు బ్యాండు, ఎన్నాళ్లదో ఏమో, ఎండిపోయి, వేలు తగలగానే తెగిపోయింది.