ఝాన్సీ సర్వర్

“ఈ సర్వర్ తీసేస్తన్నామమ్మా,” అన్నాడు జగన్నాధం, కోడలి ముఖంలోకి చూడకుండా.

దుమ్ము తుడుస్తున్న ఝాన్సీ చెయ్యి ఆగిపోయింది. బొబ్బిలి మెయిన్ రోడ్డు మీద మావగారి మోటార్లు, పైపుల కొట్టు వెనక ఉన్న చిన్న గది అది. సాలూరు, పార్వతీపురం బ్రాంచీల బిల్లులు కూడా ఆ గదిలో ఉన్న సర్వర్‌కే వచ్చి చేరతాయి. దాని మంచిచెడ్డలన్నీ చూసేది ఝాన్సీ. భర్త ప్రమోద్ పోయాక పొద్దున్నే లేవడానికి ఆమెకో కారణం మిగిలిందంటే అది ఈ గదే.

“తీసేసి ఏం చేద్దామని మావయ్యా?”

“ఈయన ధనరాజ్ గారు. విశాపట్నం నించొచ్చారు. మన లెక్కలన్నీ ఇంక ఆల్ల కంపెనీ కాడే ఉంటాయట. నెట్‌లో సూసుకోడమే. నువ్వీ గదిలో కూకోనక్కర్లేదు.”

మావగారి వెనక నిలబడ్డ మనిషి నమస్కారం పెట్టాడు. ఝాన్సీ తిరిగి పెట్టింది గానీ నవ్వలేకపోయింది. నువ్వీ గదిలో కూర్చోనక్కర్లేదు అన్న మాట ఎక్కడో కలుక్కుమంది.

“నన్నొక్క మాటైనా అడగలేదేం?”

“అడిగితే ఒప్పుకోవు గదా. ఏటి సెప్పాలన్నా ఆయనకే సెప్పు,” అంటూ జగన్నాధం గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ధనరాజ్ గదంతా కలయజూశాడు. “కొట్టుకి ఇంత సర్వర్ ఎందుకండీ? ఓ మామూలు కంప్యూటర్ చాలదా?”

“మామూలు కంప్యూటర్ని రాత్రీ పగలూ ఆపకుండా నడపడానికి తయారుచెయ్యరండీ. ఇందులో ఒక డిస్కు పోతే రెండోది పని నడిపిస్తుంది. పోయినదాన్ని మిషన్ ఆపకుండానే మార్చుకోవచ్చు. మొన్న నాట్ల సీజన్లో అలాగే మార్చాను. కౌంటర్లో ఎవరికీ తెలియను కూడా తెలియలేదు.”

“మా క్లౌడ్‌లో పెడితే ఆ మార్చే బాధ కూడా మీకుండదు.”

“మెయిళ్లకీ ఫొటోలకీ అదే మంచిది. కాదనను. బిల్లింగ్‌కి మాత్రం ఒప్పుకోను. గాలివానకి కేబుల్ తెగితే మా ఊళ్లో రోజుల తరబడి నెట్ ఉండదు. మోటారు మునిగిపోయిన రైతు సరిగ్గా అప్పుడే కొట్టుకొస్తాడు. నెట్ వచ్చాక రమ్మని అతనికెలా చెప్పమంటారు?”

ధనరాజ్ వదల్లేదు. “ఆ గాలివానకి ఈ గదే మునిగితే?”

“ఇంకో రెండు కాపీలున్నాయి. ఒకటి ఇంట్లో మేడ మీద. ఒకటి మీలాంటి వాళ్ల దగ్గర, నెట్‌లో.” ఝాన్సీ పక్కనున్న అట్టపెట్టె మూత చింపి, ఏ కాపీ ఎప్పుడు ఎక్కడికి వెళ్తుందో పెన్నుతో గీసి చూపించింది. “బ్యాకప్ తీశాం కదా అని ఊరుకుంటే సరిపోదండీ. అవసరానికి తిరిగి రాకపోతే అది ఉన్నా లేనట్టే. నెలనెలా వేరే మిషన్లోకి ఎక్కించి, బిల్లు కొట్టి మరీ చూస్తాను.”

అతను ఒకటి అడిగితే ఆమె రెండు చెబుతోంది. కోపంగా మొదలుపెట్టిన సంగతే మరిచిపోయింది. ఈ మాటలు అర్థమయ్యే మనిషితో మాట్లాడి ఎన్నాళ్లయిందో. క్యాష్ కౌంటర్లో ఉన్న అత్తగారు మహాలక్ష్మమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, గుమ్మం పక్కన నిలబడి కోడలి ముఖమే చూస్తోంది.

“ఎవరైనా తెలియక వైరస్ ఎక్కిస్తే?” అడిగాడు ధనరాజ్.

“ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే. సర్వర్లో మార్పులు చేసే పాస్‌వర్డ్ మాత్రం నా దగ్గరే ఉంటుంది. మావయ్యక్కూడా ఇవ్వలేదు.”

“నిజివేనండి,” అన్నాడు జగన్నాధం. “అడిగితే కోప్పడింది.”

ధనరాజ్ నవ్వాడు. “అంతా బాగుందండీ. మరి మీరు లేని రోజున?”

“అత్తయ్యకి నేర్పాను. కరెంటు పోయి యూపీఎస్ కూత పెడితే దీన్ని ఎలా ఆపాలో, మళ్లీ ఎలా లేపాలో ఆవిడకి తెలుసు. మిగతావి ఎక్కడున్నా ఫోన్లోనే సర్దుతాను. నేను లేకపోతే ఇది ఆగిపోతుందీ అంటే, నాకు పని చేతకానట్టే కదండీ.”

ధనరాజ్ అట్ట ముక్కని మరోసారి చూసి జగన్నాధం వైపు తిరిగాడు. “నేనింక అడగాల్సిందేం లేదండీ. ఈ సర్వర్ ఇక్కడే ఉండాలి.”

ఝాన్సీ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. “విన్నారా మావయ్యా? తియ్యక్కర్లేదట.”

మావగారు ఓడిపోయిన మనిషిలా లేడు. అత్తగారు చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఝాన్సీకేమీ అర్థం కాలేదు.

“సర్వర్ ఏటికి తీస్తామమ్మా, అదిక్కడే ఉంటాది. మీ అత్త సూసుకుంటాది,” అన్నాడు జగన్నాధం. “ఎళ్లాల్సింది నువ్వు. నీకిష్టమైతేనే.”

“నేనా? ఎక్కడికి?”

“విశాపట్నం, ఈల్ల ఆఫీసులో ఉద్యోగానికి. ఎన్నిసార్లు సెప్పినా, సర్వర్ని ఎవులు సూస్తారని ఇంటర్వ్యూకి కదల్లేదు గదా తల్లీ నువ్వు. అందుకే ఇంటర్వ్యూనే కొట్టుకి తీసుకొచ్చినాను.”