నల్లతెర

తలుపు దబదబా బాదుతున్నారు.

అతను కీబోర్డు మీద నుంచి చేతులు తియ్యకుండానే అరిచాడు. "ఎవరది? తలుపు విరగ్గొడతారా ఏం?"

తెరిచి చూస్తే కింది వాటాలో కొత్తగా దిగినావిడ. నెరిసిన జుట్టు. నుదుటి మీదికి నెట్టుకున్న కళ్ళద్దాలు. మొహం కందగడ్డలా ఉంది.

"ఆ ట్రైలర్‌ని ఎప్పుడూ ఒక్కచోటే ఆపేస్తావెందుకు?"

సౌండ్ తగ్గించమని పోట్లాటకొచ్చేవాళ్ళను చూశాడు గానీ, ఎందుకు ఆపావని వచ్చిన మనిషిని చూడటం ఇదే మొదలు.

"నేను ఆపట్లేదండీ. అదే అక్కడ ఇరుక్కుపోతోంది."

"ఇరుక్కోలేదు. కాస్త ఓపిక పట్టు. చివరిదాకా పోనివ్వు."

"చూడాలని అంత సరదాగా ఉంటే మీ ఫోన్‌లో చూసుకోండి. ఇక్కడ నా బతుకే ఇరుక్కుని ఉంది."

ఆవిడ మొహం మీదే తలుపేశాడు.

అన్నమాట అబద్ధం కాదు. ఉద్యోగం ఊడింది. అక్క ఇంట్లో అక్క జీతం మీద తింటున్నాడు.

ఇంట్లో సినిమాలు దాచుకుని చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అందులో సినిమా బొమ్మ నొక్కగానే దాని ట్రైలర్ నెట్‌లోంచి వచ్చి ఆడేలా, దానికి తగిలించే చిన్న ప్రోగ్రాం, ప్లగిన్ రాస్తున్నాడు. అది నచ్చితే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు పనిలోకి తీసుకుంటామన్నారు.

మొదట్లో అన్ని ట్రైలర్లూ ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేవి. ఒక్కొక్కటే దారిలో పెట్టాడు. ఈ ఒక్కటే మొండిఘటం. అందులో ఒక మనిషి మెట్లెక్కుతుంది, తలుపు తోస్తుంది. అంతే, తెర నల్లబడిపోతుంది. శబ్దం ఉండదు. అతను పళ్ళు నూరుతాడు, ఆపేస్తాడు, మళ్ళీ మొదటికొస్తాడు.

"ఒరేయ్, ఆ మెట్లు అరిగిపోతాయిరా. దాన్ని ఇంకెక్కడైనా ఆడించి చూడరాదూ?" అంది అక్క, ఆస్పత్రి డ్యూటీకి జడ వేసుకుంటూ.

"నువ్వు సూదులు పొడుచుకో అక్కా. ఇది నాకొదిలెయ్."

చివరికి ఉపాయం తట్టింది. తెర నల్లబడి, శబ్దం ఆగితే ట్రైలర్ ఇరుక్కుందని లెక్క. వెంటనే ముందుకు దూకించడమే.

రాశాడు. ఆడించాడు. తలుపు తోసిన మనిషి, మరుక్షణంలో సినిమా పేరు. ఎక్కడా ఆగలేదు.

చిటికె వేసే లోపే మళ్ళీ తలుపు మోగింది.

"తీసేశావా?" ఆవిడ గుమ్మంలోకి వచ్చేసింది. "దాన్ని తీసెయ్యడానికి నువ్వెవరివి? ఆ ట్రైలర్ నేను..."

"మీరేంటండీ మీరు! పనీపాటా లేకపోతే రామకోటి రాసుకోండి. పనిచేసుకునేవాళ్ళ నెత్తినెక్కడం దేనికి?"

ఆవిడ నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి లాక్కుంది.

"పనీపాటా లేదు. నిజమే," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అతని కసి తీరలేదు. తిన్నగా ఇంటాయన దగ్గరికి పోయాడు.

"కింది వాటాలో ఆ చాదస్తపావిడ ఉంటే మేం ఖాళీ చేస్తాం."

ఇంటాయనకు పాత అద్దెవాళ్ళే ముద్దు. వారం తిరక్కుండా కింది వాటాకు తాళం పడింది.

"ఏరా, ఆవిడ వెళ్ళేటప్పుడు ఏమందంటే..." అంది అక్క ఆ రోజు.

"ఆవిడ ఊసెత్తితే నేను అన్నం తినను."

అక్క కంచం అతని ముందుకు జరిపింది.

ప్లగిన్ పంపాడు. కంపెనీ పెద్దాయన తనే ఫోన్ చేశాడు.

"నల్లతెర వచ్చిన ప్రతి ట్రైలర్‌నూ నీ ప్లగిన్ కోసి పారేస్తోందేమయ్యా? ఎవరు చేసిన పనిని నువ్వు దిద్దుతున్నావు?"

"అది ఇరుక్కుపోతోంది సార్..."

"ఇరుక్కోవడానికీ ఊపిరి బిగపట్టడానికీ తేడా తెలియనివాడు మాకొద్దు."

ఫోన్ పెట్టేశాడు.

అతనికి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళదే తప్పని రుజువు చేద్దామని ఆ ట్రైలర్‌ని ప్లగిన్ లేకుండా విడిగా పెట్టి, చేతులు కట్టుకు కూర్చున్నాడు.

మెట్లు. తలుపు. నలుపు.

వేళ్ళు వాటంతటవే ఆపడానికి లేచాయి. బలవంతాన ఆపుకున్నాడు.

నలుపు. ఇంకా నలుపే. తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

అప్పుడు ఆ చీకట్లో, చాలా దగ్గరగా, ఎవరో చిన్నగా దగ్గారు.

అతని వీపు జలదరించింది.

"అక్కా!" కుర్చీలోంచి లేచాడు. "కింది వాటా ఆవిడ... ఎక్కడికెళ్ళిందో తెలుసా?"

"ఇప్పుడా అడగడం? సామాను ఎక్కిస్తుంటే నేనూ ఓ చెయ్యి వేశాను. ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

"మరేమంది?"

అక్క అతని వంక చూసి అంది.

"'ఆ ట్రైలర్ ఎడిట్ చేసింది నేనేనమ్మా, ఆ చీకటి తియ్యమన్నా తియ్యకుండా బయటికి వదిలినందుకే నన్ను పనిలోంచి తీసేశారు, మీ తమ్ముడు దాన్ని తీసేస్తుంటే వింటూ ఎలా ఉండను' అంది."