రెండు టాబ్లెట్ల అంకుల్

“అమ్మాయ్, ఫొటో ఎక్కడికి పోయింది?”

క్వెక్ అంకుల్ చెయ్యెత్తాడు. ఆ గంటలో అది ఆరోసారి.

అజ్లీనా నిట్టూర్చింది.

మలేషియాలోని ఈపో ఊళ్ళో ఓ చిన్న గ్రంథాలయం మేడ మీద ప్రతి శనివారం పెద్దవాళ్ళకు టాబ్లెట్ వాడకం నేర్పుతుందామె. పద్దెనిమిది మంది విద్యార్థులు. సగం మందివి ఆపిల్, సగం మందివి ఆండ్రాయిడ్. పిల్లలు ఏది కొనిపెడితే అది.

క్వెక్ అంకుల్ ఒక్కడే రెండు చంకల్లో రెండూ పెట్టుకొచ్చేవాడు.

“ఏ ఫొటో అంకుల్?”

“ఈమెయిల్లో వచ్చింది. ఆపిల్‌లో దాచాను. ఫైల్స్‌లో చూస్తే లేదు.”

“ఫొటోలు ఫొటోస్‌లోకి పోతాయి. బిల్లులూ కాగితాలూ ఫైల్స్‌లోకి. రెండూ వేరువేరు గదులు.”

“మరి ఆండ్రాయిడ్‌లో?”

“అందులో అన్నీ ఫోల్డర్లే. ఫోల్డర్‌లో ఉన్న ఫొటోనే గ్యాలరీ చూపిస్తుంది.”

“చూశారా, మాకంతా ఒకటే ఇల్లు!” అంది కుడివైపు నుంచి మేడమ్ ఉంగ్.

“గదుల్లేని దాన్ని గోడౌన్ అంటారు” అంది ఎడమవైపు నుంచి రొహాయా మక్‌చిక్, అంటే మలయ్ భాషలో రొహాయా పిన్ని.

క్లాసంతా గొల్లుమంది.

“అయితే అమ్మాయ్, ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో ఫొటో చెరిపేస్తే?”

“గ్యాలరీలోనూ పోతుంది.”

“ఆపిల్ ఆల్బమ్‌లోంచి తీసేస్తే?”

“ఆల్బమ్‌లోంచే పోతుంది. అసలుది ఉంటుంది.”

“అలాగా! ఇంకోసారి చెప్పు. నెమ్మదిగా.”

అలా నాలుగు శనివారాలు గడిచాయి. ఐదో శనివారం అంకుల్ మళ్ళీ చెయ్యెత్తాడు.

“అమ్మాయ్, ఫొటో ఎక్కడికి...”

అజ్లీనాకు ఓపిక అయిపోయింది.

“అంకుల్, ఈ రెండు టాబ్లెట్లూ మీకు పనిచెయ్యవు. జ్ఞాపకశక్తికి మందుల షాపులో వేరే టాబ్లెట్లు దొరుకుతాయి. పూటకొకటి వేసుకోండి!”

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. అంకుల్ కూడా నవ్వాడు. చేయి దించేసి, రెండు టాబ్లెట్లూ సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాతి శనివారం ఆయన రాలేదు.

అజ్లీనాకు ప్రాణం లేచొచ్చింది. రెండు గంటల పాఠం నలభై నిమిషాల్లో అయిపోయింది.

“ఏమైనా సందేహాలా?”

ఎవరూ నోరు మెదపలేదు.

“అందరికీ అర్థమైందా?”

పదిహేడు తలలూ ఊగాయి.

ఆపై వారం పదకొండు తలలు. ఆ పై వారం ఆరు. నాలుగో వారం మేడమ్ ఉంగ్ ఒక్కతే వచ్చింది. అదీ, మేడ మీద ఏసీ బాగుంటుందని.

“పదిమంది కూడా రాకపోతే ఈ క్లాసు ఎత్తేస్తాం” అన్నాడు గ్రంథాలయం అధికారి.

అజ్లీనా సాయంత్రం రొహాయా మక్‌చిక్ ఇంటికి వెళ్ళింది.

“రావడం మానేశారేం మక్‌చిక్?”

ఆవిడ టీ కలిపి కప్పు చేతికిచ్చింది.

“మా ఆయన ఫొటోలన్నీ చెరిపేసుకున్నానే పిల్లా. పోయిన మనిషి మళ్ళీ పోయాడు.”

“ఎప్పుడు?”

“నాలుగు వారాలవుతోంది.”

అజ్లీనా గబగబా టాబ్లెట్ లాక్కుంది. చెరిపేసిన ఫొటోలు ముప్పై రోజులు ఓ మూల పడుంటాయి. ఇంకా రెండు రోజులే మిగిలాయి. వేలు నొక్కగానే టోపీ పెట్టుకున్న ముసలాయన చేపను ఎత్తి చూపిస్తూ వెనక్కొచ్చాడు.

మక్‌చిక్ తలగుడ్డ చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఇంత చిన్న పనికి ఒక్కమాట అడగొచ్చుగా!”

“ఎలా అడిగేది? నన్నూ మాత్రలు మింగమంటావేమోనని భయం.”

అజ్లీనా టీ కప్పు కింద పెట్టేసింది.

“అయినా మేమెప్పుడు అడిగాం గనక? క్లాసుకు ముందు కింద కాఫీ కొట్లో అందరం చేరేవాళ్ళం. ఎవరికేం రాదో క్వెక్‌కి చెప్పేవాళ్ళం. ఆయన తనకే రానట్టు అడిగేవాడు.”

“రెండు టాబ్లెట్లూ అందుకేనా?”

“మరి? ఆపిల్ వాళ్ళవీ ఆండ్రాయిడ్ వాళ్ళవీ అడగాలి కదా. పాపం, ఆయనకు మాత్రం ఏం తెలుసు! మాలాంటి వాడే. కాకపోతే సిగ్గు లేదు.”

మర్నాడు పొద్దున్నే అజ్లీనా ఆకుపచ్చటి పాండాన్ ఆకుల కేకు పట్టుకుని క్వెక్ అంకుల్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. గేటుకు తాళం. ‘అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు.

పిట్టగోడ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది.

“క్వెక్ అంకుల్...”

“సముద్రం దాటి కూచింగ్ వెళ్ళిపోయాడుగా, చెల్లెలి దగ్గరికి. నువ్వెవరమ్మా?”

“టాబ్లెట్ క్లాసు టీచర్ని.”

“ఓహో, ఆ పరిగెత్తే అమ్మాయివా!”

“పరిగెత్తడమేంటి?”

“ఆయనే అనేవాడు. ‘చాలా బాగా చెబుతుంది, కానీ పరిగెడుతుంది, నేను కాస్త పట్టుకుని ఆపుతున్నాను’ అని. చివరి రోజు నీతో చెప్పి వెళ్దామనే వచ్చాడట. అందరూ నవ్వుతున్నారు, ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నాడట.”

అజ్లీనా కేకు డబ్బా పిట్టగోడ మీద పెట్టింది.

“ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు అర్థం కాలేదేమో అనుకున్నానండీ.”

ఆవిడ బట్టలక్కడే పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది.

“అర్థం కాకపోవడమా? ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు నేర్పిన మాస్టారమ్మా ఆయన. ఏమీ తెలియనట్టు అడగడం ఒక్కటే చేతకాక, ప్రతి శుక్రవారం ఈ గోడ దగ్గర నిలబడి నా మీద సాధన చేసేవాడు.”