పెన్ను పట్టినవాడు

“గ్రహాలన్నిటిలోకీ ఎక్కువ వేడిగా ఉండేది ఏది?” అని క్విజ్ మాస్టరు మైకులో అడగ్గానే రోరీ, నా భార్య హిల్డా తలలు దగ్గర పెట్టుకున్నారు.

పక్క బల్లవాళ్ళకు వినపడకుండా గుసగుసలాడుకోవడం మా పబ్బులో జరిగే క్విజ్ పోటీల్లో మామూలే. రోరీ మా జట్టులో చేరిన ఈ నెల్లాళ్ళుగా మాత్రం ఆ గుసగుసలకు నా ఒళ్ళు మండిపోతోంది.

“శుక్రుడు. రాసెయ్ క్లైవ్,” అన్నాడు రోరీ మెల్లగా.

హిల్డా వాడి వంక చూసి మురిసిపోయింది. పదకొండేళ్ళుగా ఈ జట్టులో పెన్ను పట్టి జవాబులు రాసేది నేను. నా వంక ఏనాడైనా అలా చూసిందా?

“సూర్యుడి పక్కనున్నది బుధుడు. పొయ్యి పక్కనున్నవాడికే కదయ్యా సెగ తగిలేది!” అని బుధుడనే రాశాను.

దిద్దడానికి కాగితాలు పక్క బల్లతో మార్చుకున్నాం. మాది తిరిగొచ్చేసరికి బుధుడి పక్కన ఇంటూ ఉంది. ఒక్క మార్కుతో ఓడిపోయాం.

రోరీ బీరు తేవడానికి లేచి వెళ్ళాడు.

“అనవేం, నీ పండితుడు చెప్పిందే రైటని?” అన్నాను హిల్డాతో.

“శుక్రుడి చుట్టూ దట్టమైన మబ్బుంటుంది క్లైవ్. లోపలి వేడిని బయటికి పోనివ్వదు,” అంది హిల్డా.

“అదీ వాడే చెప్పాడా?”

“నేనే అతనికి చెప్పాను. ‘నీకేమనిపిస్తోంది హిల్డా?’ అని అడిగాడు మరి.”

పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. పదకొండేళ్ళ ప్రశ్నలు తలచుకున్నాను. ఒక్కదానికైనా ఆమెను అలా అడిగినట్టు గుర్తురాలేదు.