ఎగిరే ముందు చుట్టు

వాగు ఒడ్డున రాతికి మట్టిగూడు కట్టి, గుడ్డు పెట్టి, పడుచు కందిరీగ ఎగరబోయింది. కాస్త దూరంలో ముసలి కందిరీగ తన గూటి ముందు గాలిలో చుట్లు తిరుగుతోంది.

"కట్టడం అయిపోయిందిగా పెద్దమ్మా, ఇంకా ఏం చూస్తావు?"

"గూటిని కాదే, చుట్టుపక్కల ఏముందో చూసుకుంటున్నా. మేత తెచ్చేటప్పుడు దారి తెలియాలిగా."

పడుచుది నవ్వుకుంటూ వెళ్లింది. నోట పురుగుతో తిరిగొచ్చేసరికి రాళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. వెతికి వెతికి నీరసపడి, పుట్టబోయే పిల్ల ఆకలి తలుచుకుని ఏడ్చింది.

"ఏడవకు. ఇంకోటి కట్టు," అంది అటుగా వచ్చిన పెద్దమ్మ. "ఈసారి చూసుకుని ఎగురు."

రెండు మూడు రోజుల్లో కట్టింది. ఎగిరే ముందు చుట్టు తిరిగింది. పగిలిన రాయిని, ఉమ్మెత్త మొక్కను గుర్తు పెట్టుకుంది. ఇంకాస్త పెద్ద చుట్టు తిరిగేసరికి, ఆ ఉమ్మెత్త ఆకుల చాటున తన మొదటి గూడు కనిపించింది. గుడ్డు పగిలి, లోపల పిల్ల కదులుతోంది.