గీత అవతలి ఆడపిల్లలు

డైనింగ్ టేబుల్ మీద మాసిడోనియా పటం నాలుగు రంగుల్లో ఉంది.

ఈ ఏడు కెనడా విండ్సర్‌లో మా వీధి బేస్‌మెంట్ల నిండా చదువుకొచ్చిన మన పిల్లలే. మా అబ్బాయి ఇంటి కింద అద్దెకుండే సాత్విక, రేపు ఆ పటం గురించి క్లాసులో మాట్లాడాలి. పోయినసారి ఇంగ్లీషులో సగం చెప్పి కూర్చుండిపోయింది. ఇదీ పోతే కోర్సు పోయినట్టే.

ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది.

"నాకు తెలుగుల చెప్పరాదూ, బిడ్డా," అన్నాను.

"నీకెందుకు అమ్మమ్మా, గీ రోమన్ల లొల్లి?"

"అలెగ్జాండర్ దాంక చదివిన. ఆయన రాజ్యం ఏమైందో తెల్వదు."

నవ్వి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆఖరి రాజు పెర్సియస్. రోమ్ చేతిల ఓడిండు. రాజ్యాన్ని నాలుగు ముక్కలు చేసిన్రు. ఈ ముక్క పిల్లను ఆ ముక్కకు ఇయ్యొద్దు, భూమి కొనొద్దు. ఇరవై ఏండ్లకు ఆండ్రిస్కస్ అనేటోడు, నేను ఆ రాజు కొడుకునే అన్నడు. జనం నమ్మి ఎనక నడిచిన్రు. ఆయనా ఓడిండు. ఇగ రోమ్ గవర్నర్‌ను పంపింది. రాజ్యం పోయి ప్రావిన్స్ అయింది."

ఎక్కడా ఆగలేదు.

నేనే పటం మీది గీత దగ్గర ఆగిపోయాను.

"మరి అప్పటికే గీత అవతల కాపురముంటున్న ఆడపిల్లల సంగతేంది? వాళ్ళు పుట్టింటికొస్తే ఒడిబియ్యం పోసి పంపనిచ్చిన్రా?"

సాత్విక కిటికీ వైపు చూసింది.

నది అవతల అమెరికా, డెట్రాయిట్. నా కూతురు మధుమిత ఉండేది అక్కడే. నాకు ఆ దేశం వీసా ఇవ్వలేదు. ఇటు వస్తే మళ్ళీ అటు రానివ్వరేమోనని దాని భయం.

మర్నాడు టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను.

సాత్విక షూ విప్పకుండానే లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"మొత్తం చెప్పిన అమ్మమ్మా! నీకు చెప్పినట్టే ఇంగ్లీషుల చెప్పిన. ఆఖర్న నీ ప్రశ్న అడిగిన. ఒడిబియ్యం అని ప్రొఫెసర్ నాతోని బోర్డు మీద రాయించిండు."

"తెలుగులనా?"

"తెలుగులనే!"

"జవాబు దొరికిందా?"

"ఎవరికీ తెల్వదట. ఈ ప్రశ్న ఏ పుస్తకంలది అని అడిగిండు ప్రొఫెసర్."

"ఏమన్నవ్?"

"మా అమ్మమ్మది అన్న."

నేను ఆ పిల్లకు ఏమీ కాను.

లేచి, మధుమిత కోసం పసుపు కలిపి పెట్టిన బియ్యం డబ్బా దించాను.

"ఒడి పట్టు."

"పెండ్లి కానోళ్ళకు పొయ్యరు గద అమ్మమ్మా!"

"పట్టు."

మంచు తడి ఆరని జాకెట్ అంచును సాత్విక రెండు చేతులతో పట్టుకుంది.